పాత ప్రొఫైల్ ప్రొజెక్టరు: తెర మీది కొలతను ఎంతవరకు నమ్మవచ్చు?

కావలి లేత్ షెడ్డు:

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాకు ఒక చిన్న లేత్, ఒక పెడస్టల్ గ్రైండరు, ఒక డ్రిల్లింగ్ మిషను ఉన్నాయి. రొయ్యల చెరువుల ఏరేటర్ల షాఫ్టులు, పాత ఆయిల్ ఇంజన్ల పంపుసెట్ల స్టడ్లు (తల లేని బోల్టులు), బజారులో దొరకని నట్లు నా దగ్గరికి వస్తుంటాయి. రెండు నెలల క్రితం నెల్లూరులో ఒక పాత ఇనుము వ్యాపారి దగ్గర, మూతపడిన ఫ్యాక్టరీ సామానులో ఒక ఆప్టికల్ కంపారేటరు కనిపించింది. మన షాపుల్లో ప్రొఫైల్ ప్రొజెక్టరు అంటారే, ముక్క నీడను పెద్దది చేసి తెర మీద చూపే యంత్రం, అదే. తెర 300 మి.మీ. వ్యాసం ఉంటుంది, కాంతి అడ్డంగా ప్రయాణించే రకం, 10 రెట్లు, 20 రెట్లు పెంచే లెన్సులు రెండు వచ్చాయి, బల్బు 24 వోల్టుల 150 వాట్ల హాలోజెన్. తూకం లెక్కన ఇచ్చేశాడు గనుక బేరం గురించి చెప్పుకోవలసింది లేదు. టాటా ఏస్‌లో కింద రెండు పాత పరుపులు పరిచి, హైవే మీద యాభై కిలోమీటర్ల పైచిలుకు నెమ్మదిగా తీసుకొచ్చాను.

మొదటి రాత్రి దీపాలన్నీ ఆర్పి, నేను గ్రైండ్ చేసిన, మర (స్క్రూ చుట్టూ ఉండే మెలికల గాడి) కోసే టూల్ బిట్‌ను టేబుల్ మీద పెట్టి స్విచ్ వేశాను. ముప్పై ఏళ్ళుగా సూదిమొన అనుకుంటూ వచ్చినది తెర మీద చూస్తే మొక్కజొన్న పొత్తు కొరికినట్టుగా ఉంది. ఆ తరువాత మా అమ్మాయి తల వెంట్రుక ఒకటి పెట్టి చూశాం, పెన్సిలుతో గీసిన లావుపాటి గీత అంత కనిపించింది. ఆ సరదా తీరిన తరువాతే అసలు చిక్కు మొదలయింది.

నా దగ్గర ఉన్న 10 మి.మీ. స్లిప్ గేజీని (కచ్చితమైన మందం గల ఉక్కు దిమ్మను) 10 రెట్ల లెన్సు కింద పెట్టి, అంచులు పదునుగా వచ్చేదాకా ఫోకస్ చేసి, తెర మీద స్టీలు స్కేలుతో కొలిస్తే 100 మి.మీ. రావలసింది 100.4 వస్తున్నది. అద్దాల స్థానం మారిందా, లెన్సు చెడిందా, లేక నా చూపే తప్పా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అద్దాల వెనుక మూడేసి స్క్రూలు కనిపిస్తున్నాయి, వాటిని తిప్పితే సరిపోతుందేమోనని చేయి దురదగా ఉంది గానీ, తిప్పిన తరువాత వెనక్కి రాలేనేమోనని భయం కూడా ఉంది.

దీనితో పాటు ఇంకొక సంగతి కూడా అడగాలి. పోయిన నెలలో ఒక పాత పంపుసెట్టుకు 3/8 అంగుళం స్టడ్లు నాలుగు చేసి ఇచ్చాను. మర పళ్ళ మధ్య దూరాన్ని, అంటే పిచ్‌ను, సరిచూసే పిచ్ గేజి ఆకు సరిగ్గా కూర్చుంది, నట్టు కూడా ఎక్కింది, కానీ వారం తిరగకుండా రెండు నట్లు వదులై, రైతు నా గుమ్మం ముందుకు వచ్చి నలుగురిలో మాట అన్నాడు. ఇటువంటి తప్పును ఈ యంత్రం ముందే పట్టుకోగలదా? లేక ఇది ఇంట్లో పెట్టుకునే అలంకారమేనా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.


ఒంగోలు, విశ్రాంత ఇన్‌స్పెక్టరు:

కావలి మిత్రులకు, ముందుగా ఆ మూడు స్క్రూల జోలికి వెళ్ళకండి. నేను టూల్‌రూములో ఇరవై ఆరేళ్ళు కొలతల బల్ల దగ్గరే కూర్చున్నాను, పాడైపోయిన ప్రొజెక్టర్లలో సగానికి పైగా అద్దాల స్క్రూలు తిప్పినందువల్ల పాడైనవే.

మీ యంత్రంతో కొలవడానికి రెండు దారులు ఉన్నాయి, ఆ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే చాలామందికి ఈ అయోమయం వస్తుంది. మొదటిది, మీరు చేసినట్టు తెర మీద నీడను స్కేలుతో గానీ, గీసిన చార్టుతో గానీ పోల్చడం. ఇక్కడ లెన్సు ఎన్ని రెట్లు పెంచుతున్నది అన్నదే ప్రాణం, అందులో తేడా ఉంటే ఆ తేడా అంతా కొలతలోకి వస్తుంది. రెండవది, తెర మీది అడ్డగీతను ఒక అంచుకు ఆనించి, టేబుల్ మైక్రోమీటరు చదివి, టేబుల్‌ను జరిపి, అదే గీతను రెండవ అంచుకు ఆనించి మళ్ళీ చదవడం. ఇక్కడ తెర కేవలం వేలు చూపే గుర్తు మాత్రమే, కొలిచేది టేబుల్ మైక్రోమీటరు. లెన్సు 10 రెట్లకు బదులు పదిన్నర రెట్లు పెంచినా ఈ పద్ధతిలో కొలత చెడదు. కాబట్టి ఈ రోజే, ఏదీ విప్పకుండానే, మీ యంత్రాన్ని పనిలోకి తీసుకోవచ్చు. అయితే టేబుల్‌ను కూడా నమ్మే ముందు పరీక్షించాలి. 5, 10, 15, 20, 25 మి.మీ. స్లిప్ గేజీలను ఒక్కొక్కటిగా పెట్టి, ప్రతిసారీ రెండు అంచులకూ ఒకే వైపు నుంచి టేబుల్‌ను తెస్తూ కొలిచి, తేడాలను కాగితం మీద రాసిపెట్టుకోండి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి వస్తే స్క్రూలోని లూజు అంతా మీ లెక్కలో చేరిపోతుంది.

ఇక 0.4 శాతం తేడా సంగతి. మంచి స్థితిలో ఉన్న యంత్రానికి నీడ కొలతలో 0.1 శాతం దాకా తేడాను సాధారణంగా ఒప్పుకుంటారు. మీది దానికి నాలుగింతలు, కాబట్టి కారణం వెతకవలసిందే. ఫోకస్ కుదిరింది గనుక పెంపు కూడా సరిగ్గానే ఉంటుందని మీరు అనుకుంటున్నట్టుంది, అది నిజం కాదు. లెన్సుకూ తెరకూ మధ్య దూరం కొద్దిగా పెరిగితే, మీరు టేబుల్‌ను ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ పదునైన నీడను తెచ్చుకోగలరు, కానీ ఆ నీడ ఇంతకుముందు కంటే పెద్దదవుతుంది. మీ తెర పరిమాణాన్ని బట్టి లెన్సు నుంచి తెర వరకు కాంతి నడిచే దారి దాదాపు 800 మి.మీ. ఉంటుందనుకుంటే, 0.4 శాతం అంటే మూడు మి.మీ. పైచిలుకు దూరం ఎక్కడో అదనంగా చేరి ఉండాలి.

ఎక్కడ చేరిందో తేల్చడానికి అద్దాలు విప్పనక్కరలేదు. 20 రెట్ల లెన్సు పెట్టి 5 మి.మీ. స్లిప్ గేజీని చూడండి. అక్కడ కూడా 100.4 వస్తే తప్పు రెండు లెన్సులకూ ఉమ్మడిగా ఉన్న దారిలో, అంటే అద్దాలలోనో తెర బిగింపులోనో ఉన్నట్టు. 20 రెట్ల దగ్గర 100 సరిగ్గా వస్తే అద్దాలు నిర్దోషులు, 10 రెట్ల లెన్సు కూర్చునే చోటనే చూడాలి. అన్నట్టు, ఈ పరీక్షకు మామూలు స్టీలు స్కేలు చాలదు. గీతలు సన్నగా ఉన్న గాజు స్కేలు గానీ, లేకపోతే వెర్నియర్ కాలిపర్ లోపలి దవడలను మృదువుగా తెర మీద ఆనించి గానీ, చేతి భూతద్దంతో చూస్తూ కొలవండి. గాజు మీద గీత పడకుండా జాగ్రత్త.

మీ స్టడ్ల గురించి నా అనుమానం ఒకటి చెబుతాను. 3/8 అంగుళంలో పాత బ్రిటిష్ ప్రమాణమైన విట్‌వర్త్ మర, అమెరికన్ యూఎన్‌సీ మర రెండింటికీ అంగుళానికి 16 పళ్ళే. పిచ్ గేజి ఆకు రెండింటిలోనూ ఇంచుమించు కూర్చుంటుంది. కానీ విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, యూఎన్‌సీది 60. మన జిల్లాలోని పాత ఇంజన్లలో చాలావరకు విట్‌వర్త్ మరలే ఉంటాయి. మీరు టూల్ గ్రైండ్ చేసేటప్పుడు కోణం సరిచూసుకున్న సెంటర్ గేజి మీద ఏ కోణం ఉందో ఒకసారి చూడండి. మర పక్కలు రెండూ నిండుగా ఆనకుండా ఒక గీత మీద మాత్రమే ఆనితే, నట్టు ఎక్కుతుంది, బిగుతుంది, ఇంజన్ అదురుకు ఆ గీత అరిగి వదులవుతుంది.


సింగరాయకొండ సీఎన్‌సీ:

పెద్దలు చెప్పినదానిని కాదనను గానీ, నా అభిప్రాయం వేరుగా ఉంది. ఇంటి షెడ్డులో ఇంత పెద్ద యంత్రం ఆక్రమించే చోటుకు, దాని సేవకు తగిన పని దొరుకుతుందా అన్నది ఆలోచించాలి. షాఫ్టు వ్యాసం కొలవడానికి 0.01 మి.మీ. చూపే మైక్రోమీటరు కంటే ప్రొజెక్టరు ఎప్పుడూ మెరుగు కాదు. గుండ్రటి మెరుగు ముక్కను నీడలో చూస్తే కాంతి దాని ఒంటి మీద జారి ప్రతిఫలించి అంచు కొద్దిగా చెదురుతుంది, ఆ చెదురులో గీతను ఎక్కడ ఆనించాలన్నది చూసేవారి ఇష్టం అయిపోతుంది. మర సరైన లావులో ఉందా లేదా అన్నదానికి, మర గాడుల్లో మూడు సన్నటి తీగలు పెట్టి వాటి మీద మైక్రోమీటరుతో కొలిచే మూడు తీగల పద్ధతి ఉంది. 60 డిగ్రీల మరకు పిచ్‌ను 0.577తో, విట్‌వర్త్‌కు 0.564తో గుణిస్తే తీగ లావు వస్తుంది, 3/8 విట్‌వర్త్‌కు అది ఇంచుమించు 0.9 మి.మీ. ఆ తీగలు, ఒక మైక్రోమీటరు ఉంటే చాలు.

ఒకవేళ ఉంచుకోదలిస్తే ఆ 150 వాట్ల హాలోజెన్‌ను తీసేసి ఎల్‌ఈడీ పెట్టండి. మే నెలలో రేకుల షెడ్డులో ఆ బల్బు పక్కన కూర్చుని ఎవరూ కొలవలేరు. తెర స్థానంలో కెమెరా పెట్టి లాప్‌టాప్‌లో అంచులు కొలిచే సాఫ్ట్‌వేరు వాడితే ఇంకా సుఖం.


దర్గామిట్ట లెన్సు మెకానిక్:

నేను నెల్లూరులో మైక్రోస్కోపులు, పాత కెమెరాలు బాగుచేస్తాను. ఎల్‌ఈడీ గురించి పై మిత్రులు చెప్పినది సగం సరే, మిగతా సగం చెప్పకపోతే కావలి మిత్రులు డబ్బు పోగొట్టుకుంటారు. ఈ యంత్రంలో కాంతి ఒక చిన్న చుక్క నుంచి పుట్టి, ముందున్న కండెన్సరు లెన్సు గుండా సమాంతరంగా బయటికి రావాలి. ఆ సమాంతరం వల్లనే నీడ అంచు కత్తిరించినట్టు వస్తుంది, ముక్క ఫోకస్‌కు కొద్దిగా ముందున్నా వెనకున్నా నీడ పరిమాణం మారదు. బజారులో దొరికే పెద్ద పసుపు బిళ్ళలాంటి సీఓబీ ఎల్‌ఈడీ పెడితే వెలుతురు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ కాంతి ఒక చుక్క నుంచి కాక రూపాయి బిళ్ళంత వెడల్పు నుంచి వస్తుంది గనుక అంచులన్నీ మెత్తబడతాయి. పెడితే ఒకే చిన్న చిప్ ఉన్న ఎల్‌ఈడీని, పాత ఫిలమెంటు ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడే, వెనుక అల్యూమినియం హీట్‌సింకుతో పెట్టండి. ఆకుపచ్చ రంగుది పెడితే ఇంకా మంచిది. ఒకే రంగు కాంతికి లెన్సు అంచుల్లో రంగుల గీతలు పుట్టవు, పైగా కంటికి ఆకుపచ్చ బాగా తెలుస్తుంది. అంత పని ఎందుకనుకుంటే హాలోజెన్‌నే ఉంచి, కొలిచేటప్పుడు మాత్రమే వెలిగించండి. కొత్త బల్బును మాత్రం ఒట్టి చేతితో పట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటిన చోట గాజు పగులుతుంది.

కెమెరా సంగతి నేను ప్రోత్సహించను. తెర మీది బొమ్మను మొబైలుతో తీసి అందులో కొలిస్తే, ప్రొజెక్టరు ఎంతో కష్టపడి తీసేసిన వంకరలను మొబైలు లెన్సు మళ్ళీ తెచ్చి పెడుతుంది.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది బూజు. మన తీరంలో గాలికి తేమ ఎక్కువ, ఉప్పు కూడా ఉంటుంది, మూసి ఉంచిన పెట్టెలో లెన్సు గాజు మీద సాలెగూడులాంటి బూజు ఒక వానాకాలంలోనే పడుతుంది. మీ లెన్సులను విప్పి, ఒక వైపు టార్చి వేసి, రెండవ వైపు నుంచి ఏటవాలుగా చూడండి. తెల్లటి దారాల్లాంటివి కనిపిస్తే వెంటనే శుభ్రం చేయించాలి, ఆలస్యమైతే బూజు గాజు పూతను తినేస్తుంది. బయటి గాజు వరకు మీరే చేసుకోవచ్చు: ముందు రబ్బరు బుడ్డితో ధూళి ఊది, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపిన లెన్సు కాగితంతో మధ్య నుంచి అంచులకు గుండ్రంగా, ఒత్తకుండా తుడవాలి.

లోపలి అద్దాలు మాత్రం వేరే జాతి. మనం ముఖం చూసుకునే అద్దానికి వెండి పూత గాజు వెనుక ఉంటుంది, వీటికి ముందు వైపే ఉంటుంది. బట్ట పెట్టి ఒక్కసారి తుడిస్తే చాలు, శాశ్వతంగా గీతలు పడతాయి. ధూళి ఉంటే ఊదండి, పోకపోతే అలాగే వదిలేయండి. కొద్దిపాటి ధూళి వల్ల తెర కొంచెం మసకబారుతుందే తప్ప కొలత మారదు. యంత్రం వాడని రోజుల్లో పాలిథీన్ సంచి కప్పవద్దు, లోపలి తేమ బయటికి పోదు. పాత నూలు దుప్పటి కప్పి, లెన్సులను మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో సిలికా జెల్‌తో దాచండి. జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే మూకుడులో వేసి సన్నటి సెగ మీద వేయించి మళ్ళీ వాడుకోవచ్చు. కలరా ఉండలు వేసే అలవాటు కొందరికి ఉంది, నేనైతే గాజు దగ్గర వాటిని పెట్టను.


గెలాక్సీ రాయి, చీమకుర్తి:

కొలతల శాస్త్రం నాకు తెలియదు, రాయి గురించి ఒక మాట చెప్పి వెళతాను. ఇటువంటి యంత్రాలకు గ్రానైటు బల్ల మంచిదని విని చాలామంది మా ఊరికి వచ్చి పాలిష్ చేసిన బ్లాక్ గెలాక్సీ పలక కొనుక్కుపోతుంటారు. పాలిష్ వేరు, చదును వేరు. వంటగట్టుకు వేసే పలక అద్దంలా మెరుస్తుంది, కానీ దాని మీద స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి వెనుక నుంచి దీపం చూపిస్తే వెలుగు ఎన్ని చోట్ల నుంచి దూరుతుందో చూడండి. కాబట్టి దానిని సర్ఫేసు ప్లేటుగా (కొలతలకు ఆధారమైన చదును బల్లగా) వాడి ఎత్తులు కొలవవద్దు. యంత్రం కింద బరువుగా, అదురు తినే పీఠంగా అయితే అద్భుతంగా పనికివస్తుంది. పలక కాకుండా, కోతలో మిగిలిపోయిన మందపాటి దిమ్మ అడగండి, తక్కువ ధరకే దొరుకుతుంది. కింద నాలుగు చోట్ల కాకుండా మూడు చోట్ల మాత్రమే ఆనేలా రబ్బరు బిళ్ళలు పెట్టండి. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు.


కావలి లేత్ షెడ్డు:

ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను.

20 రెట్ల లెన్సుతో 5 మి.మీ. స్లిప్ గేజీ పెట్టి, ఒంగోలు పెద్దలు చెప్పినట్టు వెర్నియర్ దవడలను భూతద్దంతో చూస్తూ కొలిచాను. 100.0 వచ్చింది. మూడుసార్లు చూశాను, ప్రతిసారీ 0.05 లోపే తేడా. అద్దాల స్క్రూలు తిప్పి ఉంటే బాగున్నదానిని కూడా పాడుచేసుకునేవాడిని. తరువాత 10 రెట్ల లెన్సును దాని గూటి నుంచి బయటికి తీసి, పాతబడి మైనంలా గట్టిపడిన గ్రీజును కిరసనాయిలుతో కడిగాను. ఆ గ్రీజు కింద, లెన్సు అంచుకూ గూటికీ మధ్య ఒక అల్యూమినియం రింగు బయటపడింది. యంత్రంతో వచ్చినది కాదు, ఎవరో లేత్ మీద చేతితో తిప్పి చేసినది, టూల్ గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. లెన్సు బిగింపు లూజయితే, బిగుతు కోసం వేసి ఉంటారు. మైక్రోమీటరుతో కొలిస్తే 3.2 మి.మీ. ఒంగోలు పెద్దలు యంత్రాన్ని చూడకుండానే మూడు పైచిలుకు అని రాసిన వాక్యాన్ని మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. రింగు తీసి, లెన్సును గూటిలో నిండా కూర్చోబెట్టి, బిగింపు స్క్రూ కొత్తది వేసిన తరువాత 10 మి.మీ. గేజీ తెర మీద 100.0కీ 100.1కీ మధ్య నిలిచింది.

స్టడ్ల విషయంలో సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. నా సెంటర్ గేజి 60 డిగ్రీలదే. కొన్న నాటి నుంచి దాని మీద చెక్కిన అంకెను నేను చదవనేలేదు. రైతు దగ్గర మిగిలిన పాత స్టడ్డును, నేను చేసిన స్టడ్డును పక్కపక్కన సెంటర్ల (ముక్కను రెండు కొసలా పట్టుకునే మొనల) మధ్య పెట్టి 20 రెట్లలో చూస్తే, చదువు రానివారికి కూడా తేడా తెలుస్తుంది. పాతదాని మర శిఖరాలు గుండ్రంగా, లోయలు గుండ్రంగా ఉన్నాయి, నావి కొస కత్తిరించిన ఇంటి పైకప్పుల్లా ఉన్నాయి. తెర చుట్టూ ఉన్న కోణాల చక్రాన్ని తిప్పి ఒక్కొక్క పక్కను విడిగా కొలిస్తే పాతది రెండు వైపులా 27 డిగ్రీల 30 నిమిషాల దగ్గర ఉంది. నాది ఒక వైపు 29, రెండవ వైపు 31. అంటే కోణం తప్పు కావడమే కాకుండా, టూల్‌ను కూడా ఒక డిగ్రీ వంకరగా బిగించానన్నమాట. మొత్తం మాత్రం 60 కావడంతో గేజిలో వెలుతురు కనిపించలేదు. ఇది ఏ మైక్రోమీటరూ, ఏ తీగలూ నాకు చెప్పేవి కావని సింగరాయకొండ మిత్రులు ఒప్పుకుంటారని అనుకుంటున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. మర పక్కలు తెర మీద ఒక అంచున పదునుగా, ఇంకొక అంచున పొగలా కనిపిస్తున్నాయి. ఎంత ఫోకస్ చేసినా రెండూ ఒకేసారి కుదరడం లేదు. ఇది లెన్సు బూజా?


ఒంగోలు, విశ్రాంత ఇన్‌స్పెక్టరు:

బూజు కాదు, మర వాలు. మర చుట్టుకుంటూ పైకి ఎక్కుతుంది గనుక, కాంతి ఎదురుగా సూటిగా వచ్చినప్పుడు ముందున్న మెలిక వెనుకదానికి అడ్డుపడి నీడ చెదురుతుంది. 3/8 విట్‌వర్త్‌కు ఆ వాలు సుమారు 3.4 డిగ్రీలు. సెంటర్ల పీఠాన్ని నిలువు ఇరుసు మీద అంత కోణం తిప్పితే పై అంచులో మర పక్కలు రెండూ ఒకేసారి పదునుగా వస్తాయి. కింది అంచు చూడాలంటే ఎదురు వైపు తిప్పాలి. అలా తిప్పినప్పుడు కోణం రెండు మూడు నిమిషాలు తక్కువగా కనిపిస్తుంది, మీ పనికి అది లెక్కలోకి రాదు. పిచ్ మాత్రం తిప్పి కొలవవద్దు, పది పిచ్‌ల మీద దాదాపు 0.03 మి.మీ. తక్కువ చూపిస్తుంది. పీఠాన్ని సూటిగా ఉంచి, చెదిరిన అంచులనే తీసుకున్నా, అన్ని పళ్ళకూ చెదురు ఒకేలా ఉంటుంది గనుక పిచ్ సరిగ్గానే వస్తుంది.

ఈ యంత్రం పుట్టిందే ఇటువంటి మరల కోసం. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో, జోన్స్ అండ్ లామ్సన్ కంపెనీలో జేమ్స్ హార్ట్‌నెస్, రస్సెల్ పోర్టర్ కలిసి, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, మరలను నీడ ద్వారా పోల్చే కంపారేటరును తయారుచేశారు. హార్ట్‌నెస్ 1921 నుంచి 1923 వరకు ఆ రాష్ట్రానికి గవర్నరుగా కూడా పనిచేశాడు. పోర్టరు టెలిస్కోపులు స్వయంగా చేసుకునే మనిషి, తరువాత పాలోమార్ 200 అంగుళాల టెలిస్కోపు పనిలోనూ ఉన్నాడు. వారు కూడా మీలాగే మరల చిక్కుతోనే మొదలుపెట్టారు.

ఇకనుంచి టూల్ గ్రైండ్ చేసేటప్పుడు గేజిని నమ్మకుండా ఒక చార్టు గీసుకోండి. 3/8 విట్‌వర్త్ పిచ్ 1.5875 మి.మీ., 20 రెట్లలో అది 31.75 మి.మీ. అవుతుంది, సరిగ్గా అంగుళంపావు. మర లోతు 20.3 మి.మీ., శిఖరం గుండ్రం 4.4 మి.మీ. వ్యాసార్ధం. సన్నటి పెన్నుతో ప్లాస్టిక్ ట్రేసింగ్ ఫిల్ము మీదనే గీయండి, కాగితం వద్దు, మన గాలికి కాగితం సాగుతుంది. 0.2 మి.మీ. లావు గీత అయినా ముక్క మీద 0.01 మి.మీ.తో సమానమే. టూల్‌ను టేబుల్ మీద పెట్టి, చార్టులో నిండుగా కూర్చునేదాకా గ్రైండరుకూ ప్రొజెక్టరుకూ మధ్య తిరగండి.

వేడి సంగతి ఎవరూ రాయలేదు గనుక చెబుతున్నాను. కొలతలకు ప్రమాణం 20 డిగ్రీలు. మన షెడ్డుల్లో వేసవిలో 40 దాటుతుంది. ఉక్కు ముక్కను ఉక్కు స్లిప్ గేజీతో పోలిస్తే రెండూ ఒకేలా సాగుతాయి గనుక భయం లేదు, ముక్క లేత్ మీద నుంచి దిగిన తరువాత గంటసేపు గేజీల పక్కన చల్లారనిస్తే చాలు. అల్యూమినియం మాత్రం ఉక్కు కంటే ఇంచుమించు రెండింతలు సాగుతుంది, 40 డిగ్రీల దగ్గర 50 మి.మీ. ముక్కలో 0.01 మి.మీ.కు పైగా తేడా కనిపిస్తుంది. ఏరేటరు అల్యూమినియం హౌసింగులను తెల్లవారుజామున కొలవండి.


సింగరాయకొండ సీఎన్‌సీ:

29, 31 సంగతి చదివి ఒప్పుకుంటున్నాను. లావుకు తీగలే వాడండి, ఆకారానికి మీ ప్రొజెక్టరే వాడండి. నా దగ్గర కొన్ని ఫార్మ్ టూల్సు (తమ ఆకారాన్నే ముక్క మీద కోసేవి) ఉన్నాయి, రేడియస్ సరిగ్గా ఉందో లేదో నాకు అనుమానం. కావలి రావడానికి అనుమతిస్తే వచ్చే ఆదివారం తెస్తాను.


కావలి లేత్ షెడ్డు:

తప్పకుండా రండి, సాయంత్రం ఆరు తరువాత అయితే షెడ్డు చీకటిపడి తెర బాగా తెలుస్తుంది. ఈసారి జవాబు ఆలస్యం కావడానికి కారణం: 55 డిగ్రీల టూల్‌ను చార్టుకు సరిపోయేదాకా గ్రైండ్ చేయడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. మొన్న నాలుగు స్టడ్లూ మళ్ళీ కోసి, రెండు పక్కలూ 27 డిగ్రీల 20, 27 డిగ్రీల 35 నిమిషాలు వచ్చినవి రైతుకు ఊరికే ఇచ్చి వచ్చాను. ఆయన డబ్బు ఇవ్వబోయాడు గానీ పాత నట్లు నాలుగూ అడిగి తీసుకున్నాను. వాటిలో ఒకదానిని కోసి లోపలి మర ఎలా అరిగిందో తెర మీద చూడాలని ఉంది, ఆదివారం దాకా ఆగుతాను.